మూత్రపిండం మాటల చరిత్ర: గ్రీకు పదమూలాలు దక్షిణ తెలంగాణకు చేరిన దారులు

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 మన నేలమీది పాత మాటలు
7.3 గ్రీకుల ఇంటి మాటలు
7.4 మొదటి దారి: బాగ్దాదు మీదుగా యునానీ
7.5 రెండవ దారి: లాటిన్, ఇంగ్లీషుల మీదుగా
7.6 హైదరాబాదులో పదనిర్మాణం: ఉర్దూ, తెలుగు
7.7 నల్లగొండ, పాలమూరు: నీరు, ఎముక, మాట
7.8 పదాన్ని విడదీసే పద్ధతి
7.9 సారాంశం
7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మూత్రపిండానికి సంబంధించిన ముఖ్యమైన గ్రీకు పదమూలాలను గుర్తించగలుగుతారు.
• ఆ మూలాలు అరబ్బీ ద్వారా ఒకసారి, ఇంగ్లీషు ద్వారా మరొకసారి మన ప్రాంతానికి వచ్చిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• అర్థాన్ని అనువదించడానికీ, ధ్వనిని అరువు తెచ్చుకోవడానికీ ఉన్న తేడాను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• వైద్యుని చీటీలో కనిపించే పొడవైన పదాన్ని విడదీసి స్థూలార్థం చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

నల్లగొండలో గాని, మహబూబ్‌నగర్‌లో గాని ఒకే అవయవానికి ఎన్ని పేర్లు వాడుకలో ఉన్నాయో గమనించండి. దవాఖానకు వచ్చిన మనిషి ‘కిడ్నీ’ అంటాడు. డాక్టరు రాసిన చీటీలో ‘నెఫ్రైటిస్’ అని ఉంటుంది. రక్తపరీక్ష కాగితం మీద ‘రీనల్’ అని ఉంటుంది. బడిపిల్లల జీవశాస్త్ర పుస్తకంలో ‘మూత్రపిండం’ అనీ, రెండు పేరాల తరువాత ‘వృక్క ధమని’ అనీ కనిపిస్తుంది. వేటమాంసం కొట్టులో అదే ‘గుర్దా’. యునానీ హకీము చీటీలో ‘కుల్యా’.

ఇన్ని పేర్లు ఒకచోట చేరడం కాకతాళీయం కాదు. ఒక్కో పేరు వెనుక ఒక రాజ్యం, ఒక వైద్యవిధానం, ఒక బోధనా భాష ఉన్నాయి. రాజ్యం మారినప్పుడల్లా వైద్యం మాట్లాడే భాష మారింది. రోగి మాట్లాడే భాష మాత్రం మారలేదు. ఈ రెంటి నడుమ ఏర్పడిన దూరమే ఈ పాఠానికి విషయం.

సాధారణంగా విద్యార్థులు గ్రీకు పదమూలాలను ఒక పట్టికగా బట్టీపడతారు. ఈ పాఠంలో వాటిని చరిత్రగా చదువుదాం. అలా చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. మనకు అంత బరువుగా వినిపించే ఈ మాటలు గ్రీకులకు బరువైనవి కావు. అవి వాళ్ల వంటింటి మాటలు, బజారు మాటలు. దూరం ప్రయాణించడం వల్లనే వాటికి ఆ గాంభీర్యం వచ్చింది.

7.2 మన నేలమీది పాత మాటలు

గ్రీకు మాటలు రాకముందు మనకు ఏమున్నదో మొదట చూడాలి. సంస్కృత వైద్యగ్రంథాలలో ఈ అవయవానికి ‘వృక్క’ అని పేరు. అయితే చరక సంహిత వృక్కాలను మూత్రంతో ముడిపెట్టలేదు. మేదస్సును, అంటే కొవ్వును, మోసే స్రోతస్సులకు అవి మూలమని చెప్పింది. మూత్రాన్ని మోసే స్రోతస్సులకు మూలాలుగా వస్తిని, గజ్జలను పేర్కొన్నది. వస్తి అంటే మూత్రాశయం. జంతువు కడుపు కోసి చూసినవారికి మూత్రపిండం చుట్టూ దట్టమైన కొవ్వు కనిపిస్తుంది కాబట్టి ఈ ఊహ ఎలా పుట్టిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. మూత్రసంబంధమైన రోగాల గురించి మాత్రం ఆయుర్వేదానికి విస్తారమైన పరిజ్ఞానం ఉంది. మూత్రకృచ్ఛ్రం, అశ్మరి, ప్రమేహం అనే పేర్లు అక్కడివే. మూత్రాశయంలోని రాయిని శస్త్రచికిత్సతో తీసే విధానాన్ని సుశ్రుత సంహిత వర్ణించింది.

‘మూత్రపిండం’ అనే మాట దీనికి భిన్నమైనది. అవయవం చేసే పనిని పేరులోనే చెప్పేస్తుంది. ఈ మాట విన్న తెలుగువానికి వేరే వివరణ అక్కరలేదు. నేటి పాఠ్యపుస్తకాలు వ్యస్తపదంగా మూత్రపిండాన్ని, సమాసాలలో వృక్కాన్ని వాడుతున్నాయి. అంటే పాత ఆయుర్వేద పదానికి ఆధునిక శాస్త్రం కొత్త పని అప్పగించిందన్నమాట.

ఇక ‘గుర్దా’ సంగతి. ఇది పారశీకం నుంచి ఉర్దూ ద్వారా మన వాడుకలోకి వచ్చింది. పుస్తకంలోని వృక్కానికి, మాంసం కొట్టులోని గుర్దాకు ఏమీ సంబంధం లేనట్టు కనిపిస్తుంది. నిజానికి అవి తోబుట్టువులు. ఇరాన్ ప్రాచీన భాష అవెస్తాలో మూత్రపిండాలకు ‘వెరెద్క’ అనే రూపం ఉంది. సంస్కృత ‘వృక్క’, అవెస్తా ‘వెరెద్క’ ఒకే మూలం నుంచి పుట్టాయి. ఆ మూలపు ఇరానీ రూపమే పారశీకంలో క్రమంగా ‘గుర్దగ్’గా, ‘గుర్దా’గా మారింది. ఒక చెల్లెలు గురుకులానికి, మరొక చెల్లెలు బజారుకు వెళ్లినట్టయింది.

ద్రావిడ భాషలలోనూ ఒక ఆసక్తికరమైన జంట ఉంది. తమిళంలో ‘కుండిక్కాయ్’ అంటే మూత్రపిండం. తెలుగులో ‘గుండెకాయ’ అంటే హృదయం. ఈ రెంటినీ భాషాశాస్త్రజ్ఞులు ఒకే పదకుటుంబంలో చేర్చారు. గుండ్రని కండ ముద్ద అనే భావం ఒక భాషలో ఒక అవయవం దగ్గర, మరొక భాషలో మరొక అవయవం దగ్గర స్థిరపడింది. అవయవాల పేర్లు మొదట వైద్యుల దగ్గర పుట్టలేదనీ, మాంసం కోసినవారి దగ్గర, వండినవారి దగ్గర పుట్టాయనీ ఇలాంటి ఉదాహరణలు సూచిస్తాయి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
అ) చరక సంహిత వృక్కాలను దేనికి మూలంగా చెప్పింది?
ఆ) ‘వృక్కం’, ‘గుర్దా’ అనే పదాల సంబంధం ఏమిటి?

7.3 గ్రీకుల ఇంటి మాటలు

గ్రీకులో మూత్రపిండం ‘నెఫ్రోస్’. దీనికి జర్మన్ భాషలోని ‘నీరె’ చుట్టం. ఇది కూడా మొదట వైద్యపదం కాదు. హోమర్ ఇలియడ్ కావ్యంలో నదిలో పడిన వీరుని శవాన్ని చేపలు పీకే ఘట్టంలో, మూత్రపిండాల మీది కొవ్వును చెప్పడానికి ‘ఎపినెఫ్రిడియోన్’ అనే విశేషణం వస్తుంది. ‘ఎపి’ అంటే మీద. ఈ పాత మాటను మనం ముందు ముందు మందుల దుకాణంలో మళ్లీ కలుసుకుంటాం.

హిప్పొక్రటీసు పేరుతో ప్రచారంలో ఉన్న గ్రంథాలలో ఈ మాట వైద్యపదంగా స్థిరపడింది. వాటిలో ఒకటి మూత్రపిండాలకు వచ్చే నాలుగు రకాల వ్యాధులను వర్ణిస్తుంది. మూత్రం మీద బుడగలు నిలిస్తే అది దీర్ఘకాలం ఉండే మూత్రపిండవ్యాధికి గుర్తని మరొక గ్రంథం చెబుతుంది. మూత్రంలో మాంసకృత్తులు పోతున్నప్పుడు నురగ రావడం నేటి వైద్యులు కూడా గమనించే లక్షణమే.

‘నెఫ్రైటిస్’ అనే రూపంలోని ‘ఐటిస్’ ప్రత్యయానికి మొదట ‘దానికి సంబంధించినది’ అని మాత్రమే అర్థం. వ్యాధి అనే మాటను మనసులో ఉంచుకుని ‘మూత్రపిండాలది’ అని అనేవారు. మనం ‘వాడికి నడుముది ఉంది’ అన్నట్టుగా అనుకోండి. ఈ ప్రత్యయానికి ‘వాపు, మంట’ అనే నిర్దిష్టమైన అర్థం ఆధునిక కాలంలో స్థిరపడింది.

మూత్రపిండం చుట్టూ ఉన్న మిగతా గ్రీకు మాటలు కూడా ఇంత సాదావే. ‘ఊరోన్’ అంటే మూత్రం. ‘లిథోస్’ అంటే రాయి. ‘హైమా’ అంటే నెత్తురు. ‘హుదోర్’ అంటే నీళ్లు. ‘పుఎలోస్’ అంటే తొట్టి. మూత్రపిండం లోపల మూత్రం చేరే గిన్నెలాంటి భాగానికి ఈ తొట్టి పేరే పెట్టారు. దాని నుంచే ‘పైలోనెఫ్రైటిస్’ వచ్చింది.

ఒక మాట తెలిసినంతమాత్రాన అవయవం పని తెలిసినట్టు కాదు. గ్రీకుల్లోనే దీనిపై పెద్ద వివాదం నడిచింది. తాగిన నీరు ఆవిరిగా మారి మూత్రాశయంలో చేరుతుందని, మూత్రపిండాలకు ఇందులో పని లేదని అస్క్లెపియాడిస్ అనే వైద్యుని వాదం. క్రీ.శ. 129 ప్రాంతంలో పెర్గామమ్‌లో పుట్టిన గేలెన్ దీన్ని ప్రయోగంతో ఖండించాడు. బతికున్న జంతువులో మూత్రనాళాలకు ముడివేశాడు. మూత్రాశయం ఖాళీగా ఉండిపోయింది. ముడికి పైభాగంలో నాళాలు ఉబ్బాయి. ముడి విప్పగానే మూత్రాశయం నిండింది. మూత్రం తయారయ్యేది మూత్రపిండాలలోనే అని తేలిపోయింది. మన ‘మూత్రపిండం’ అనే పదం చెప్పే అర్థానికి వెనుక ఉన్న ప్రాచీన నిరూపణ ఇదే.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
అ) గేలెన్ ప్రయోగం ఏ వాదాన్ని ఖండించింది?
ఆ) ‘పుఎలోస్’ అనే గ్రీకు పదానికి అర్థం ఏమిటి?

7.4 మొదటి దారి: బాగ్దాదు మీదుగా యునానీ

గ్రీకు వైద్యం మన ప్రాంతానికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ఇంగ్లీషువాళ్లు తేలేదు. అది బాగ్దాదు, ఇరాన్, ఢిల్లీల మీదుగా వచ్చింది. ఆ సంగతి దాని పేరులోనే ఉంది. గ్రీకులు నివసించిన ‘ఇయోనియా’ ప్రాంతం పేరు అరబ్బీలో ‘యూనాన్’ అయింది. ఆ వైద్యం ‘యునానీ’ అయింది. సంస్కృతంలో ‘యవన’ శబ్దం కూడా అదే ఇయోనియా నుంచి పుట్టినది.

9వ శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్, ఆయన శిష్యులు గేలెన్ గ్రంథాలను సిరియాక్, అరబ్బీ భాషలలోకి మార్చారు. మాటకు మాట పెట్టకుండా వాక్యం మొత్తం అర్థం గ్రహించి చెప్పడం హునైన్ పద్ధతి. ఆ అనువాదాలలో ‘నెఫ్రోస్’ అనే ధ్వని నిలవలేదు. దాని స్థానంలో అరబ్బీవాళ్లు అప్పటికే వాడుకునే ‘కుల్యా’ వచ్చింది. మూత్రపిండపు నొప్పి ‘వజా-ఉల్-కుల్యా’ అయింది. మూత్రపిండంలోని రాయి ‘హసాత్-ఉల్-కుల్యా’ అయింది. వాపు ‘వరమ్-ఎ-కుల్యా’ అయింది. గ్రీకు ఆలోచన వచ్చింది గాని గ్రీకు చప్పుడు రాలేదు. తరువాత అల్ రాజీ, ఇబ్న్ సీనా వంటివారు ఆ అరబ్బీలోనే కొత్త గ్రంథాలు రాయగలిగారు. అనువాదం బలంగా ఉంటే సొంత రచనకు అది పునాది అవుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

అయితే అన్ని పదాలనూ అనువదించలేదు. గ్రీకులో ‘డయాబెటిస్’ అంటే ‘గుండా పారిపోయేది’ అని అర్థం. తాగిన నీరంతా ఒంట్లో నిలవకుండా వెళ్లిపోతుందనే భావన నుంచి వచ్చిన పేరు అది. దాన్ని అరబ్బీలోకి దాదాపు అలాగే దింపుకున్నారు. ఉర్దూలో ‘జియాబెతుస్’ అయింది. అదే పదం తరువాత ఇంగ్లీషు ద్వారా ‘డయాబెటిస్’గా మళ్లీ వచ్చింది. ఒకే గ్రీకు మాట రెండు గుమ్మాల్లోంచి మన ఇంట్లోకి వచ్చిందన్నమాట. అయినా ఊళ్లలో నిలిచిన మాట ‘షుగరు’. జనం తమకు తెలిసిన రుచిని పట్టుకున్నారు.

ఆసఫ్‌జాహీల పాలనలో యునానీకి రాజాదరణ ఉండేది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో చార్మినార్ పక్కన కట్టిన నిజామియా ఆసుపత్రి భవనం దానికి నిదర్శనంగా నేటికీ ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సంస్కృతంలో ‘కుల్య’ అంటే కాలువ. మూత్రపిండంలో సన్నని నాళాలు ఉన్నాయి కాబట్టి అరబ్బీ ‘కుల్యా’ ఇందులోంచే వచ్చిందని ఎవరైనా ఊహించవచ్చు. అది పొరపాటు. అరబ్బీ మాటకు హీబ్రూ మొదలైన సెమిటిక్ భాషలలో తోబుట్టువులున్నాయి. ధ్వని కలిసినంతమాత్రాన చుట్టరికం కుదరదు.

7.5 రెండవ దారి: లాటిన్, ఇంగ్లీషుల మీదుగా

ఐరోపాలో వైద్యులు చాలాకాలం లాటిన్‌లో రాశారు. లాటిన్‌లో మూత్రపిండం ‘రేన్’. దాని నుంచి ‘రీనల్’ వచ్చింది. అందుకే ఇంగ్లీషు వైద్యంలో ఈ అవయవానికి రెండు మూలాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. రక్తనాళానికి ‘రీనల్’ ఆర్టరీ, వ్యాధికి ‘నెఫ్రో’పతి. స్థూలంగా చెప్పాలంటే శరీరభాగాల వర్ణనలో లాటిన్, రోగాలు, శస్త్రచికిత్సల పేర్లలో గ్రీకు ఎక్కువ.

ఈ ద్వంద్వం ఎంతదూరం వెళ్లిందో మందుల దుకాణంలో చూడవచ్చు. మూత్రపిండాల మీద టోపీలాగా కూర్చున్న గ్రంథి ఉత్పత్తి చేసే హార్మోనుకు రెండు పేర్లున్నాయి. లాటిన్ ‘అడ్’, ‘రేన్’ కలిసి ‘అడ్రినలిన్’. గ్రీకు ‘ఎపి’, ‘నెఫ్రోస్’ కలిసి ‘ఎపినెఫ్రిన్’. రెంటి అర్థమూ ‘మూత్రపిండం దగ్గరిది, మీదిది’ అనే. హోమర్ కాలపు విశేషణం సీసా మీది చీటీకి ఎక్కింది. పేర్లు వేరైనా సీసాలో మందు ఒకటే.

19వ శతాబ్దంలో వ్యాధిశాస్త్రం వేగంగా పెరిగింది. 1827లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ఒళ్లు వాచినవారి మూత్రాన్ని వేడిచేస్తే తెల్లగా గడ్డకట్టడాన్ని, వారు చనిపోయిన తరువాత మూత్రపిండాలలో కనిపించిన మార్పులను కలిపి చూపాడు. చాలాకాలం ఆ వ్యాధికి ఆయన పేరే ఉండేది. కొత్తగా గుర్తించిన ప్రతి స్థితికి గ్రీకు ముక్కలతో పేరు కట్టడం అలవాటైంది. నెత్తురులో మూత్రపదార్థాలు పేరుకుపోవడం ‘యురీమియా’. మూత్రంలో నెత్తురు పడడం ‘హెమటూరియా’. రెంటిలోనూ అవే రెండు మూలాలు. క్రమం మారితే రోగమే మారిపోతుంది.

1861లో థామస్ గ్రాహం పలుచని పొర గుండా పదార్థాలను విడదీసే పద్ధతికి ‘డయాలిసిస్’ అని పేరు పెట్టాడు. ‘విడదీయడం’ అని దాని అర్థం. 1943లో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ ఆ సూత్రంతోనే మనిషి నెత్తురును శుభ్రపరిచే యంత్రాన్ని వాడాడు. 1960లో అంతర్జాతీయ నెఫ్రాలజీ సంఘం ఏర్పడింది. ‘నెఫ్రాలజీ’ అనే శాఖానామం ప్రపంచమంతటా స్థిరపడింది ఆ తరువాతనే.

లాటిన్ నుంచి వచ్చిన మరొక మాట మన ప్రాంతానికి దగ్గరగా అనిపిస్తుంది. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే అతిసూక్ష్మమైన కేశనాళికల చుట్టను ‘గ్లొమెరులస్’ అంటారు. లాటిన్‌లో దాని అర్థం చిన్న నూలు ఉండ. మన పాఠ్యపుస్తకాలు దాన్ని ‘రక్తకేశనాళికా గుచ్ఛం’ అన్నాయి. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి మగ్గాల మధ్య పెరిగిన పిల్లలకు ‘నూలుండ’ అని చెబితే బొమ్మ గీయకుండానే అర్థమయ్యేది. పేరు పెట్టినవాడు చూసిన పోలికను మన అనువాదం వదిలేసింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 3
అ) ‘అడ్రినలిన్’, ‘ఎపినెఫ్రిన్’ పదాలను విడదీసి పోల్చండి.
ఆ) ‘యురీమియా’, ‘హెమటూరియా’ల తేడా ఏమిటి?

7.6 హైదరాబాదులో పదనిర్మాణం: ఉర్దూ, తెలుగు

ఈ రెండు దారులూ హైదరాబాదులో కలిశాయి. 1846లో రెసిడెన్సీ సర్జన్ విలియం కాంప్‌బెల్ మెక్లీన్ ఆధ్వర్యంలో ప్రారంభమైన హైదరాబాదు వైద్య పాఠశాలలో పాశ్చాత్య వైద్యాన్ని తొలిదశలో ఉర్దూలో బోధించారు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక శాస్త్రాలన్నింటినీ ఉర్దూ మాధ్యమంలో చెప్పాలని పూనుకుంది. దానికి ముందే 1917లో ‘దారుల్ తర్జుమా’ అనే అనువాద సంస్థ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి నాయకత్వం వహించారు. పదాలు ఎలా నిర్మించాలనే చర్చ అక్కడ శ్రద్ధగా జరిగింది. ఉస్మానియాలో ఉర్దూ ఆచార్యులైన వహీదుద్దీన్ సలీం ఈ విషయం మీద ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అనే గ్రంథమే రాశారు. అరబ్బీ మూలాలనే పట్టుకోవాలా, దేశీయ సమాసపద్ధతిని అనుసరించాలా అన్నది అప్పటి ముఖ్యమైన ప్రశ్న.

భారతీయ భాషలో విశ్వవిద్యాలయ స్థాయి వైద్యవిద్య సాధ్యమేనని ఈ ప్రయోగం చూపింది. ఆ గౌరవం దానికి దక్కాలి. కాని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వైపు నుంచి చూస్తే మరో కోణం కనిపిస్తుంది. 1890లో ఆరవ నిజాం పేరుతో మహబూబ్‌నగర్ అయిన పాలమూరులోనూ, నల్లగొండలోనూ రైతు ఇంటి భాష తెలుగు. అక్కడి నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లవానికి ‘కుల్యా’ ఎంత కొత్తదో ‘నెఫ్రోస్’ కూడా అంతే కొత్తది. దేశభాష అనే పేరుతో వచ్చినది కూడా అతని తల్లిభాష కాదు. 1948 తరువాత ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. ‘కుల్యా’ పోయి ‘నెఫ్రో’ వచ్చింది. రోగి స్థితి మాత్రం మారలేదు.

తెలుగులో ప్రయత్నం లేకపోలేదు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడింది. దాని స్థాపకులలో ముఖ్యులైన కొమర్రాజు లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. ఆ మునగాల తరువాత నల్లగొండ జిల్లాలో భాగమైంది, నేడు సూర్యాపేట జిల్లాలో ఉంది. ఈ మండలి కోసమే ఆచంట లక్ష్మీపతి ‘జీవశాస్త్రము’ రాశారు. సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులో శాస్త్రాన్ని చెప్పడం వారి ఆశయం. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల స్థాయి పాఠ్యపుస్తకాలను, పారిభాషిక పదకోశాలను తెచ్చింది. అలా మూత్రనాళం, మూత్రాశయం, ప్రసేకం, వృక్క ధమని, వృక్క సిర అనే పదాలు విద్యార్థులకు అలవాటయ్యాయి. కాని ఆ పదాలు పరీక్ష పత్రాల దగ్గరే ఆగాయి. ఇంటర్ దాటి వైద్యకళాశాలకు వెళ్లిన విద్యార్థి వాటిని వదిలేసి ఇంగ్లీషులోకి మారతాడు. వదిలేసిన పదాలే రేపు అతనికి రోగితో మాట్లాడడానికి కావలసినవి.

7.7 నల్లగొండ, పాలమూరు: నీరు, ఎముక, మాట

ఈ చర్చ మన ప్రాంతంలో పుస్తకాల చర్చగా మిగలలేదు. నల్లగొండ జిల్లా గ్రానైటు రాళ్లలోంచి భూగర్భజలంలోకి ఫ్లోరైడ్ చేరుతుంది. ఆ బావుల నీరు ఏళ్లతరబడి తాగినవారికి పళ్ల మీద మచ్చలు, ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవడం, నడుము వంగిపోవడం వస్తాయి. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించారు. 1955లో ఎ.హెచ్. సిద్దికీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1970లలో నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరులతో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు పెట్టారు. అలా మన జిల్లా పేరే ప్రపంచ శాస్త్రపదమైంది.

‘ఫ్లోరోసిస్’ పదాన్ని చూడండి. మొదటి భాగం లాటిన్ ‘ఫ్లువర్’ నుంచి, చివరి ‘ఓసిస్’ గ్రీకు నుంచి వచ్చాయి. ‘ఓసిస్’ అంటే ఒక స్థితి. ‘నెఫ్రోసిస్’లో ఉన్నదీ అదే. మర్రిగూడ, మునుగోడు వైపు ఏనాడూ గ్రీకు పేరు వినని ముసలమ్మ నోట కూడా ఈ ప్రత్యయం పలుకుతుంది. బాధ దగ్గరిదైతే మాట ఎంత దూరానిదైనా నాలుకకు అలవాటవుతుంది.

ఈ వ్యాధికి మూత్రపిండంతో నేరుగా సంబంధం ఉంది. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్‌లో ఎముకలు, పళ్లు పట్టుకోగా మిగిలినది ప్రధానంగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అది ఎక్కువగా నిలిచిపోతుంది. కాబట్టి ఫ్లోరైడ్ నీటి ప్రాంతంలో ‘నెఫ్రో’తో మొదలయ్యే మాట చీటీ మీద కనిపిస్తే దాని అర్థం తెలుసుకోవడం మరింత అవసరం.

తెలుగునేల మీద మరొక చోట ఊరిపేరు, గ్రీకు మూలం కలిసిపోయాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో చాలామందిని పీడిస్తున్న దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధిని ‘ఉద్దానం నెఫ్రోపతి’ అంటున్నారు. ‘పాథోస్’ అంటే గ్రీకులో బాధ. దాని నుంచి ‘పతి’ వచ్చింది. తెలుగు చెవికి వినిపించే పతి వేరు, ఇక్కడి పతి వేరు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకాన్ని మొదటగా మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభించారు. తెల్లకార్డు ఉన్న కుటుంబాలకు పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరుచుకున్నాయి. అదే సమయంలో ఎన్నడూ చూడని పొడవైన పదాలున్న కాగితాల మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టవలసిన అవసరమూ పెరిగింది. అంగీకారపత్రం మీద ‘నెఫ్రోలిథోటమీ’ అని ఉండడానికీ, ‘నెఫ్రెక్టమీ’ అని ఉండడానికీ మధ్య ఉన్నది రెండు మూడు అక్షరాల తేడా కాదు. మొదటిది మూత్రపిండంలోని రాయిని తీయడం. రెండవది మూత్రపిండాన్నే తీసివేయడం. వేలిముద్ర పెట్టే మనిషికి ఈ తేడా అతని భాషలో చెప్పాలి. అలా చెప్పకుండా తీసుకున్న అంగీకారం అంగీకారం కాదు.

7.8 పదాన్ని విడదీసే పద్ధతి

పొడవైన పదాన్ని చివరి నుంచి చదవడం సులభం. చివరి ముక్క ఏమి జరిగిందో లేక ఏమి చేస్తారో చెబుతుంది. మొదటి ముక్కలు ఎక్కడ, దేన్ని అనేది చెబుతాయి. ముఖ్యమైన చివరి ముక్కలు ఇవి:

ఐటిస్ – వాపు, మంట
ఓసిస్ – స్థితి
పతి – వ్యాధి
టమీ – కోయడం, తెరవడం
ఎక్టమీ – కోసి తీసివేయడం
ట్రిప్సీ – నలగగొట్టడం
లజీ – శాస్త్రం

ఇప్పుడు కొన్ని పదాలు చూద్దాం. ‘హైడ్రోనెఫ్రోసిస్’ – నీరు, మూత్రపిండం, స్థితి. మూత్రం కిందికి దిగక మూత్రపిండం ఉబ్బడం. ‘నెఫ్రోలిథోటమీ’ – మూత్రపిండం, రాయి, కోయడం. ‘లిథోట్రిప్సీ’ – రాయి, నలగగొట్టడం.

చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. మన ఊళ్లలో గట్ల మీద పెరిగే ఒక చిన్న మొక్కను కొండపిండి, పిండికూర అంటారు. మూత్రంలో రాళ్లకు మంచిదని వాడుతారు. దాని గుణాన్ని నిర్ధారించడం ఈ పాఠం పని కాదు. పేరును మాత్రం గమనించండి. కొండను పిండి చేసేది. సంస్కృతంలో ఇదే భావంతో ‘పాషాణభేది’ అన్నారు. ‘లిథోట్రిప్సీ’ కూడా సరిగ్గా అదే. గ్రీకు ముక్కలతో పేరు కట్టిన వైద్యుడు, తెలుగుముక్కలతో పేరు కట్టిన పల్లెమనిషి ఒకే విధంగా ఆలోచించారు. పదం కట్టే శక్తి మన భాషకు లేదనేవారికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

జాగ్రత్త కూడా అవసరం. గ్రీకులో ‘నెఫోస్’ అంటే మేఘం. ‘నెఫాలజీ’ మేఘాల శాస్త్రం, ‘నెఫ్రాలజీ’ మూత్రపిండాల శాస్త్రం. ఒక్క రకారం తేడా. వానకోసం ఆకాశం చూసే పాలమూరు రైతుకు రెండూ అవసరమైనవే గాని ఒకటి కావు. పదాన్ని విడదీస్తే స్థూలార్థం మాత్రమే తెలుస్తుంది. రోగనిర్ణయం వైద్యుడే చేయాలి.

2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమయ్యాయి. ‘నెఫ్రో’ మూలాన్ని ఇప్పుడు ఈ నేలమీదనే నేర్పుతున్నారు. అక్కడ చదివే విద్యార్థులు దాన్ని గ్రీకు నుంచి ఇంగ్లీషుకు తెచ్చుకుంటే సగం పని అయినట్టు. ‘రాయి’, ‘నీరు’, ‘నెత్తురు’ అనే మాటల దాకా తెస్తేనే పని పూర్తవుతుంది. హునైన్ బాగ్దాదులో చేసినది అదే.

7.9 సారాంశం

మూత్రపిండానికి మన ప్రాంతంలో వాడుకలో ఉన్న పేర్లు వేర్వేరు చరిత్రలకు గుర్తులు. వృక్కం, గుర్దా ఒకే మూలానికి చెందినవి. గ్రీకు ‘నెఫ్రోస్’ సాధారణ వ్యవహారంలోంచి వైద్యంలోకి వచ్చింది. గేలెన్ ప్రయోగంతో ఆ అవయవం పని నిరూపితమైంది. గ్రీకు వైద్యం అరబ్బీ ద్వారా వచ్చినప్పుడు అర్థం ప్రయాణించింది, ఇంగ్లీషు ద్వారా వచ్చినప్పుడు ధ్వని ప్రయాణించింది. ఉస్మానియా ఉర్దూ ప్రయోగం, విజ్ఞాన చంద్రికా మండలి, తెలుగు అకాడమి కృషి ఈ చరిత్రలో ముఖ్యఘట్టాలు. నల్లగొండ ఫ్లోరోసిస్, పాలమూరులో మొదలైన ఆరోగ్యశ్రీ అనుభవాలు వైద్యపదాల అర్థం సామాన్యునికి తెలియడం ఎంత అవసరమో చూపుతున్నాయి.

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గ్రీకు వైద్యపదాలు దక్షిణ తెలంగాణకు చేరిన రెండు దారులను పోల్చి వివరించండి.
2. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉర్దూ మాధ్యమ ప్రయోగాన్ని తెలుగు విద్యార్థి దృష్టి నుంచి విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చరక సంహితలో ‘వృక్క’ పదానికీ, నేటి పాఠ్యపుస్తకాలలో దాని వాడుకకూ గల తేడా ఏమిటి?
2. ‘ఫ్లోరోసిస్’ పదనిర్మాణాన్ని, నల్లగొండతో దాని సంబంధాన్ని తెలపండి.
3. ధ్వనిసామ్యాన్ని బట్టి వ్యుత్పత్తి చెప్పడం ఎందుకు ప్రమాదకరం? రెండు ఉదాహరణలివ్వండి.

III. అభ్యాసం
మీ ఊరిలో మూత్రపిండాలకు, మూత్రరోగాలకు పెద్దలు వాడే పది మాటలను సేకరించండి. ఒక్కొక్కదాని పక్కన పాఠ్యపుస్తకంలోని పదాన్ని, వైద్యులు వాడే పదాన్ని రాయండి. మూడింటిలో ఏది వినగానే అర్థమవుతుందో, ఎందుకో రెండు వాక్యాలలో వివరించండి.